శాలువా కప్పనివ్వని ఖాలమ్మ

పోయిన నెల ఒక పొద్దున, మిర్యాలగూడలో మా బడి ప్రార్థన ముగిసి పిల్లలు వరసగా తరగతుల్లోకి పోతున్నప్పుడు సూర్యాపేట నుంచి అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, అమ్మ పోయింది" అన్నాడు. అన్న అంటే మా ఖాలమ్మ కొడుకు. ఖాలమ్మ మా అమ్మకు సొంత అక్క. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను తెచ్చుకుని పెంచింది. అరబ్బీ అక్షరాలు దిద్దించింది, తెలుగు పేపరు చదవడం అలవాటు చేసింది, అవసరమైనప్పుడు వీపు మీద రెండు వేసింది కూడా. హెడ్మాస్టరుకు చెప్పి బయటపడి బస్సెక్కాను. దారంతా ఏడవలేదు. ఆమె లేదన్న సంగతి నా బుర్రకు ఇంకా ఎక్కలేదు.

నేను చేరేసరికే వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టేశారు. ఖాలమ్మ ఫోటోలు దిగే మనిషి కాదు కనుక మీనారు బొమ్మ ఒకటి వేసి, కింద పెద్ద అక్షరాలతో 'మృదుస్వభావి, శాంతమూర్తి' అని రాయించారు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఎవరి గురించి రాశారు వీళ్ళు? వంకాయల్లో పుచ్చువి కలిపాడని బండి అతన్ని వీధి చివరిదాకా తరిమిన మనిషి గురించా? పేపర్లో మా వీధి వార్త తప్పుగా వస్తే ఎర్రసిరాతో దిద్ది విలేకరి ఇంటికి పంపిన మనిషి గురించా? తనే చూసి ఉంటే ఆ ఫ్లెక్సీ విప్పించి, మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలకు కప్పుకునేది. పోయినవాళ్ళను మెత్తగా చేసి చూపించడం మనకు అలవాటు. ఆ పని నేను చేయను. ఆమె గట్టి మనిషి, ఆ గట్టితనమే మాకు పనికొచ్చింది. దాని గురించే రాస్తాను.

సూర్యాపేటలో మా ఇల్లు మసీదుకు ఆనుకునే ఉంటుంది. ఖాలమ్మ ఆలిమా, అంటే ఖురాన్, హదీసు, షరియత్ పద్ధతిగా చదివి పట్టా పుచ్చుకున్న మనిషి. ఆపైన సర్కారు ఉర్దూ బడిలో టీచరుగా చేసి రిటైరయింది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వీధిలోని ఆడపిల్లలంతా మా ముందుగదిలోకి వచ్చేవాళ్ళు. చాపల మీద కూర్చోబెట్టి ఖురాన్ చదివించేది. గొంతులోంచి రావాల్సిన అక్షరం నాలుక మీంచి వస్తే పిల్ల గొంతు మీద వేలు పెట్టి, "గీడికెల్లి రావాలె" అనేది. పాఠం అయ్యాక ఉడకబెట్టిన పల్లీలు తలా గుప్పెడు పెట్టేది. షుగరు మనిషి అయ్యుండి టీలో చెంచా మీద చెంచా చక్కెర వేసుకుని, మేం చూస్తే మా వైపే గుడ్లురిమేది.

ఆ ముందుగదిలో ఏ ప్రశ్నైనా అడగొచ్చు. ఆడవాళ్ళు మసీదుకు ఎందుకు పోరాదు, కుక్కను ముట్టుకుంటే ఏమవుతుంది, జిన్నులు పెళ్ళి చేసుకుంటాయా, ఏదైనా. "అడుగున్రి. అడిగితే పొయ్యే దీన్ కాదు మనది" అనేది. దీన్ అంటే మతం. నేను బడిలో పాఠం చెప్పేటప్పుడు ఏ పిల్లైనా భయపడుతూ చెయ్యెత్తితే ఇప్పటికీ ఆ మాటే నా నోట్లోకి వస్తుంది.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ళ కిందట మా మసీదుకు కోదాడ నుంచి ఒక ఇమాము వచ్చాడు. మేం గౌరవంగా హజ్రత్ అని పిలిచేవాళ్ళం. ఆయన పేరుతో నాకిక్కడ పని లేదు. కోదాడ కమిటీ వాళ్ళు చాలా గొప్పగా చెప్పి పంపారు. మంచి గొంతు. ఆయన ఖురాన్ చదువుతుంటే మా గోడ ఇవతల ఖాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకోవడం నేను చూశాను. భార్యాపిల్లలు వేరే జిల్లాలో, సొంతూళ్ళో ఉండేవాళ్ళు. అలా ఒంటరిగా ఉండే ఇమాముకు వీధిలోని ఇళ్ళవాళ్ళు వంతులవారీగా అన్నం పెట్టడం మా దగ్గర పాత పద్ధతి. ఏ రోజు ఎవరి వంతో ఆడవాళ్ళకు కంఠతా వచ్చు. మసీదులో అజాన్ ఇచ్చే ముసలాయన, మౌజన్ సాబ్ అంటాం, సైకిలుకు టిఫిన్ క్యారియరు తగిలించుకొచ్చి గడప మీద పెడతాడు. ఇంట్లో ఉన్నంతలో మంచిది అందులో నింపి పంపుతారు. తమ పిల్లలకు గుడ్డు పెట్టని వాళ్ళు కూడా ఆ రోజు కోడి కోస్తారు.

ఖాలమ్మ దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి మా వీధిలోనే తల్లితో ఉండేది. వాళ్ళది ఆత్మకూర్ (ఎస్). భర్త గల్ఫ్‌కు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని ఈమె ఫోన్ ఎత్తడం మానేశాడు. అతని నుంచి ఖులా, అంటే భార్య తరఫున విడాకులు, ఎలా తీసుకోవాలో అడగడానికి హజ్రత్ దగ్గరకు పోయింది. మొదట తల్లిని వెంటబెట్టుకునే పోయింది. తర్వాత ఒక్కదాన్నే రమ్మన్నాడు. చదవగానే మాయమయ్యే మెసేజీలు పెట్టడం మొదలుపెట్టాడు. చివరిసారి గది తలుపు దగ్గరగా వేసి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిల్ల విదిలించుకుని చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది.

ఆ సాయంత్రం తిన్నగా మా ముందుగదికి వచ్చి, చిన్నపిల్లల వెనక చాప మీద కూర్చుందట. పాఠం అయిపోయి పిల్లలంతా వెళ్ళాక చెప్పింది. వెనకే తల్లి పరుగెత్తుకొచ్చి, "ఎవరికి చెప్పకే, మన మాట ఎవరు నమ్ముతరు" అని నోరు మూయబోయింది. ఖాలమ్మ ఆ తల్లి చెయ్యి తీసి పక్కన పెట్టి, "నమ్ముడు తర్వాత. ముందుగాల ఇంటరు. ఇననీకి చెవులున్నయి కదా" అంది.

మర్నాడే మసీదు కమిటీ పెద్దను ఇంటికి పిలిపించింది. సదర్ సాబ్ అంటాం. సిమెంటు దుకాణం ఆయనది, మనిషి చెడ్డవాడు కాదు. అంతా విని, తల గోక్కుని, "నలుగురు సాక్షులున్నరా ఆపా?" అన్నాడు. ఆపా అంటే అక్క.

"సాక్షులను పిలుసుకొని చేస్తరా గసుంటి పని?" అంది ఖాలమ్మ. "ఆ నలుగురు సాక్షుల ముచ్చట ఎందుకొచ్చిందో ఎరికేనా నీకు? పాపమెరగని ఆడదాని మీద ఎవడన్న నింద ఏస్తే వాని నోరు మూయించనీకి వచ్చింది. ఆడదాన్ని కాపాడనీకి వచ్చిన మాటను తెచ్చి ఆడపిల్ల నోటికే తాళమేస్తవా?"

"తోటి ముసల్మాన్ ఐబు, తప్పు, కప్పిపెట్టాలె కదా ఆపా. గీబత్, గట్ల ఎనక మాట్లాడుడు, పాపం."

"నువ్వు నీ ఇంట్ల చేసుకున్న ఐబు నేను కప్పిపెడత. ఇంకొకరి మీద చేసిన జులుం నేనెట్ల కప్పిపెడత? జులుం పడ్డోళ్ళు గొంతెత్తితే అల్లా తప్పు పట్టడని నీ ఖురాన్లనే ఉన్నది. పోయి సదువుకో."

సదర్ సాబ్ చివరికి తన మనసులో ఉన్న మాట చెప్పాడు. "రోజులు మంచిగ లేవు ఆపా. బయటోళ్ళకు దొరికితే మనల్ని ఆగం చేస్తరు."

ఆ భయం అబద్ధమని నేననను. ఒక్క మనిషి చేసిన పనిని మొత్తం వీధికి, మొత్తం మతానికి అంటగట్టడానికి కాచుక్కూర్చున్నవాళ్ళు ఉన్నారు. కానీ ఆ భయం బరువంతా ఎప్పుడూ ఒక ఆడపిల్ల నెత్తిన ఎందుకు పెడతారని నా కోపం. ఖాలమ్మ కోపమూ అదే. "గందుకే మనమే తేల్చుకోవాలె. ఆయన తప్పు చేసిండని నేను తీర్పు చెప్తలేను. ఇనున్రి అంటున్న. ఆ పిల్లను ఇనున్రి, ఆయననూ ఇనున్రి. అప్పటిదాక నమాజు ఇంకొకరితోని చదివించున్రి." అంతకు మించి ఆమె అడిగింది లేదు. సదర్ సాబ్ చూస్తానని చెప్పి లేచాడు. చూడలేదు.

మాట ఎలా పొక్కిందో గానీ, సదర్ సాబ్ భయపడ్డ ఆ బయటివాళ్ళూ వచ్చారు. ఇస్త్రీ చొక్కా నాయకుడొకాయన, మా వీధి ముఖం ఎప్పుడూ చూడనివాడు, ఇద్దరు అనుచరులతో వచ్చి, "అమ్మా, మీ వెనక మేమున్నం, ప్రెస్‌మీట్ పెడదాం" అన్నాడు. ఖాలమ్మ టీ ఇచ్చి మర్యాదగానే కూర్చోబెట్టింది. "ఆ పిల్లకు కిరాయి ఇల్లు అడుగుతే మీ వాడకట్టుల ఇస్తరా నాయనా?" అని అడిగింది. ఆయన టీ కూడా పూర్తిగా తాగకుండా పోయాడు. మా వీధి కుర్రాళ్ళు హజ్రత్ మీద వీడియో చేసి వాట్సాప్‌లో తిప్పబోతే వాళ్ళనూ తిట్టింది. "తేలకముందే మనిషిని ఆగం చేసుడు కూడ జులుమే" అంది. అటు కమిటీకీ, ఇటు కుర్రాళ్ళకూ ఒకేసారి శత్రువైంది. దానికి ఆమె ఏమీ ఇబ్బంది పడినట్టు కనిపించలేదు.

అప్పుడు కమిటీ వాళ్ళు తమకు తెలిసిన మందు తీశారు. గొడవ లేకుండా హజ్రత్‌ను ఇంకో ఊరికి సాగనంపాలి. శుక్రవారం జుమా నమాజు తర్వాత షాదీఖానాలో వీడ్కోలు సభ, శాలువా, పూలదండ. పోయే ఊరు మిర్యాలగూడ. పోయే మసీదు అక్కడ నేనుండే వీధిలోది. ఆ మసీదు గదుల్లో మా అమ్మాయి రోజూ సాయంత్రం ఖురాన్ చదువుకుంటుంది.

ఖాలమ్మే ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. "నేను పిల్లను మాన్పిస్తాను ఖాలమ్మా" అన్నాను. "నీ పిల్లను మాన్పిస్తవ్. పక్కింటి పిల్లను ఎవరు మాన్పిస్తరు?" అంది. మళ్ళీ తనే, "కోదాడోళ్ళు కూడ గిట్లనే శాలువా కప్పి పంపిన్రేమో. రేపు ఆదివారం కదా, బయలెల్లు" అంది.

కోదాడ బస్సులో డ్రైవరు వెనక సీటే ఆమె సీటు. ఆడవాళ్ళ ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని, దారిపొడుగునా డ్రైవరుకు రోడ్డు చెబుతూ వచ్చింది. కోదాడలో ఆమె పాత విద్యార్థి ఒకామెను కలిశాం. ఆమె మమ్మల్ని బజారులో ఒక పూల దుకాణం దగ్గరకు తీసుకెళ్ళింది. దుకాణం నడిపే ఆవిడ నడిగూడెం నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, నా వయసుదే, భర్త లేడు. హజ్రత్ మాట ఎత్తగానే చేతిలోని దారం ఆపేసింది. ఖాలమ్మ ఏమీ అడగలేదు. ఆమె పక్కన పీట వాల్చుకుని కూర్చుని, బంతిపూలు తొడిమలు తుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపటికి ఆవిడే మాట్లాడింది.

"మా ఆయన పోయినప్పుడు దువా చదవడానికి వచ్చేవారండి. తర్వాత నన్నే రమ్మనేవారు. ఎట్లాంటి మాటలన్నారో మీకు చెప్పలేను పెద్దమ్మా. మా కమిటీ పెద్దలకు చెబితే, గొడవెందుకు, పంపించేస్తాం కదా అన్నారు. పంపించారండి. ఆ సభకు దండ నా కొట్టుకే చెప్పారు. నేనే గుచ్చాను. గులాబీలు, మధ్యలో మరువం."

ఖాలమ్మ ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. కోపం వచ్చినప్పుడు ఆమె అరిచేది. ఆ రోజు అరవలేదు. ఆవిడ రెండు చేతులూ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "వచ్చి చెప్తవా బిడ్డా? రాకుంటే నేనేం అనుకోను" అంది. ఆవిడ ఆలోచించుకుని చెబుతానంది. తిరుగు బస్సులో ఖాలమ్మ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. మునగాల దాటాక ఒక్క మాట అంది. "ఈడికెల్లి ఆడికి, ఆడికెల్లి ఇంకోకాడికి. మనిషిని పంపుతలేరు, బీమారిని పంపుతున్నరు."

సదర్ సాబ్‌కు కోదాడ సంగతి చెబితే, సభకు అన్నీ సిద్ధమయ్యాయి, ఇప్పుడు ఆపితే నలుగురూ నవ్వుతారన్నాడు. ఆ మర్నాడు హజ్రత్ అన్నం వంతు మా ఇంటిది. మౌజన్ సాబ్ ఎప్పటిలాగే క్యారియరు తెచ్చి గడప మీద పెట్టాడు. ఖాలమ్మ ఆయన్ను లోపలికి పిలిచి, చేతులు కడిగించి, బగారన్నం, దాల్చా కడుపునిండా పెట్టింది. తర్వాత ఆ క్యారియరు ఒక్కో గిన్నె తోమి, తుడిచి, మూత బిగించి ఖాళీదే ఆయన చేతికిచ్చింది.

"హజ్రత్‌కు చెప్పున్రి. ఆ పిల్ల మాట ఇనేదాక మా పొయ్యి ఆయన కోసం ఎలగదు."

మౌజన్ సాబ్ క్యారియరు మూత తీసి చూసుకున్నాడు. "నా నౌకరీ పోతది ఆపా" అన్నాడు. "నీకు దినాం నేను పెడత. నౌకరీ పోతే అజాన్ మా మిద్దె మీదికెల్లి ఇయ్యి" అంది.

ఆ తర్వాతి వంతు పక్కింటివాళ్ళది. వాళ్ళింటామె కోడి కోసే ముందు మా ఇంటికొచ్చి, "ఏం చెయ్యమంటవ్ ఖాలమ్మా?" అని అడిగింది. "నీ ఇల్లు, నీ పొయ్యి. నేనెవరు చెప్పనీకి" అంది ఖాలమ్మ. మధ్యాహ్నం మౌజన్ సాబ్ సైకిలు మీద గిన్నెలు లొడలొడమని మోగుతూ వెనక్కి పోయాయి. నిండు క్యారియరు అలా మోగదు. ఆ చప్పుడు వీధంతా విన్నది. ఆ తర్వాతి ఇల్లూ అంతే. మగవాళ్ళు ఇళ్ళల్లో కేకలు వేశారు, ఇద్దరు ముగ్గురు హోటల్ నుంచి బిర్యానీ పొట్లం తెచ్చి ఇచ్చారు. హజ్రత్ పస్తులేమీ లేడు. కానీ వీధి ఆడవాళ్ళ చేతి అన్నం ఆగిపోయింది. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు, మీటింగు పెట్టలేదు, గిన్నెలు తోమి ఇచ్చారు, అంతే. చివరికి సదర్ సాబ్ సొంత ఇంటి వంతు వచ్చింది. ఆయన భార్య, ఎన్నడూ మొగుడి మాట దాటని మనిషి, గిన్నెలు తోమి గడప అవతల పెట్టి లోపలికి పోయిందట. ఆ సాయంత్రమే సదర్ సాబ్ మా గుమ్మంలో నిలబడి, "ఎప్పుడు కూసుందాం ఆపా?" అన్నాడు.

మా ముందుగదిలోనే కూర్చున్నారు. కమిటీ పెద్దలు, పక్క ఊరి నుంచి పిలిపించిన ఒక పెద్ద ఆలిము, హజ్రత్. ఇటు పక్క ఖాలమ్మ, ఆ పిల్ల, తల్లి, నేను. పెద్దల పంచాయితీలో ఆడవాళ్ళు ఎదురుగా కూర్చోవడం మా వీధిలో అదే మొదలు. ఖాలమ్మ హజ్రత్‌కు కూడా దిండు వేయించింది. ఎవరో ఆయన్ను నువ్వు అనబోతే, "మీరు అను. నేరం తేలలే ఇంకా" అని గదమాయించింది. ఆ పిల్ల ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పింది. హజ్రత్ తల వంచుకుని విని, ఆ మంచి గొంతుతో, "తోహ్మత్. అంతా నింద. నేను ఆమెను కూతురిలాగ చూసిన" అన్నాడు.

పెద్దలు తలలూపారు. అయిపోయిందనుకున్నాను నేను. అప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఎవరో, "నన్నూ కూతురనే అన్నారండి" అన్నారు.

కోదాడ పూలావిడ. ఖాలమ్మ ఏ రోజో కబురు పంపిందట, బస్సు దిగి తిన్నగా వచ్చింది. హజ్రత్ ఆమెను చూసి, తర్వాత ఇక ఎవరినీ చూడలేదు. ఆమె చెప్పింది చాలా కొద్దిగా. ఎక్కువ చెప్పాల్సిన అవసరం రాలేదు. పక్క ఊరి ఆలిము హజ్రత్‌ను, "ఏమంటారు?" అని అడిగితే ఆయన ఆరోగ్యం బాగాలేదన్నాడు. సదర్ సాబ్ మంచినీళ్ళు అడిగి తాగాడు. తాగి, శాలువా సభ లేదన్నాడు.

ఖాలమ్మ అంతటితో వదల్లేదు. "లేదంటే సాలదు. ఈన పోతానన్న ఊరికి చెప్పాలె. ఇప్పుడే, ఈడనే" అంది. సదర్ సాబ్ అందరి ముందూ ఫోన్ స్పీకర్లో పెట్టి మిర్యాలగూడ మసీదు పెద్దతో, ఏమని ఫిర్యాదు వచ్చిందో, ఎవరెవరు చెప్పారో, దాచకుండా చెప్పాడు. కోదాడవాళ్ళు మాకు చెప్పని మాట మావాళ్ళు మిర్యాలగూడకు చెప్పారు. అక్కడివాళ్ళు ఆయన్ను తీసుకోలేదు. మా అమ్మాయి ఇప్పటికీ అదే మసీదులో చదువుకుంటోంది. తర్వాత ఆ పిల్ల తనంతట తానే పోలీస్ స్టేషనుకు పోతానంది. పొమ్మనీ, వద్దనీ ఖాలమ్మ అనలేదు, బురఖా వేసుకుని వెంట నడిచింది. కేసు నడుస్తోంది కాబట్టి అంతకంటే రాయను.

దీని తర్వాత ఖాలమ్మను వీధి నెత్తిన పెట్టుకుందని అనుకునేరు. లేదు. మసీదు పరువు తీసిందన్నారు. ముసలితనంలో పెత్తనం కావాల్సి వచ్చిందన్నారు. సగానికి సగం ఇళ్ళవాళ్ళు ఆడపిల్లలను ఆమె దగ్గరకు పంపడం మానేశారు. పెళ్ళి పిలుపులు తగ్గాయి. అసర్ తర్వాత ఆమె అన్ని చాపలూ పరిచి, ఉన్న నలుగురైదుగురు పిల్లలకే అంతే గట్టిగా అక్షరాలు చెప్పేది. ఒకసారి నేను మండిపడి, "ఈ ముల్లాలంతా ఇంతే" అన్నాను. నా మీద ఇంత ఎత్తున లేచింది. "అంతా అనకు. నాకు సదువు చెప్పినాయన ముల్లానే. ఎండల నడిసొచ్చి చెప్పిండు, నీడల కూడ తల ఎత్తి నన్ను సూడలే. ఒక్కని పాపం మోసెటందుకు నీకు ఆయనే దొరికిండా?" అంది. ఆమెకు కోపం ఎవరి మీద ఉండాలో వాళ్ళ మీదే ఉండేది. నాకు ఇంకా ఆ విద్య రాలేదు.

కొందరు పిల్లలు మళ్ళీ వచ్చారు, కొందరు రాలేదు. ఆమె కిడ్నీలు పాడయ్యాయి. చివరి ఆదివారం దవాఖానలో నేనూ అన్నా పక్కనే ఉన్నాం. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. జనాజా నమాజుకు, అంటే పాడె ముందు చదివే ఆఖరి నమాజుకు ముందు, పోయినవాళ్ళ కొడుకు వరసల ముందు నిలబడి, మావాళ్ళు మాటతో గానీ చేతితో గానీ ఎవరినైనా నొప్పిస్తే మాఫ్ చేయమని జనాన్ని అడుగుతాడు. అందరూ మాఫ్ అంటారు, తర్వాతే నమాజు. ఖాలమ్మ అన్న చెయ్యి పట్టుకుని ఆ మాటే ఎత్తింది.

"నేను శానా మందిని తిట్టిన. పిల్లలను కొట్టిన. కూరగాయలోన్ని పరేషాన్ చేసిన. అన్నిటికి మాఫీ అడుగు, సిగ్గుపడకు. హజ్రత్ ముచ్చటకు మాత్రం అడగకు. నువ్వు అడుగుతే ఆ పిల్ల అబద్ధం చెప్పినట్టయితది."

అన్న భయస్తుడు. చిన్న కిరాణా కొట్టు, వీధి మొత్తంతో అవసరం. సరే అమ్మా అన్నాడు గానీ, నాకు నమ్మకం లేకపోయింది.

ఆమె పోయిన రోజు మసీదు పక్క ఖాళీ జాగాలో జనాజా పెట్టారు. మేం ఆడవాళ్ళం మా మిద్దె మీద, పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాం. ఆత్మకూరు పిల్ల నా పక్కనే ఉంది. కింద వరసలు నిండుగా ఉన్నాయి. ఆమె మీద మాటలు విసిరినవాళ్ళు కూడా టోపీలు పెట్టుకుని వచ్చారు. కొత్త ఇమాము సైగ చేస్తే అన్న మైకు దగ్గరకు వచ్చాడు. రెండు చేతులతో మైకు పట్టుకున్నాడు.

"మా అమ్మ మిమ్మల్ని ఎవరినన్న తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, మనసు నొప్పిచ్చి ఉంటే మాఫ్ చెయ్యున్రి" అన్నాడు. మాఫ్, మాఫ్ అని గొంతులు లేచాయి. అన్న అక్కడితో ఆగితే సరిపోయేది. మైకు వదల్లేదు. "హజ్రత్ విషయంల మా అమ్మ చెప్పిన దానికి మాత్రం నేను మాఫీ అడుగుత లేను. అడగొద్దని చెప్పి పోయింది. అది నిజం గనుక."

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. మొదటి వరసలోంచి ఒకాయన తల విదిలించి చెప్పుల వైపు నడిచాడు. మూడో వరసలోంచి ఇంకొకాయన, ఆయన వెనక మరొకాయన. వాళ్ళు నిలబడ్డ చోట్లు తెల్లటి వరసల మధ్య ఖాళీగా, మిద్దె మీది నుంచి స్పష్టంగా కనిపించాయి. సదర్ సాబ్ ముందు వరసలోనే ఉన్నాడు. ఆయనా వెళ్తాడనుకున్నాను. నమాజులో వరస మధ్య ఖాళీ ఉండకూడదు, భుజానికి భుజం తగలాలి. సదర్ సాబ్ కుడివైపు ఒక అడుగు జరిగి మొదటి ఖాళీ నింపాడు. ఆయన పక్కవాళ్ళు ఆయన వైపు జరిగారు. వెనక వరసలవాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళ వైపు జరిగారు.

"జరిగిన్రక్కా" అంది ఆ పిల్ల, ముసుగు తీసి, బాగా కనబడడానికి పిట్టగోడ మీంచి వంగి.